9.8 వోల్టుల వెలుతురు: మా అంబాసిడర్‌కి హెడ్‌లైట్లు మార్చిన అనుభవం

సంక్రాంతికి ముందు వారం. రాత్రి ఎనిమిదిన్నరకి పామర్రు దాటి గుడివాడ వైపు వస్తున్నాను. పక్క సీట్లో అమ్మ. ఎదురుగా వచ్చిన లారీ మమ్మల్ని దాటిపోయాక కళ్ళు ఇంకా సర్దుకోనే లేదు, ముందు నల్లగా గుట్టలాంటిది కనిపించింది. బ్రేకు మీద నిలబడిపోయాను. అది వరిగడ్డి ఎత్తుకుని మెల్లగా పోతున్న ట్రాక్టరు. ట్రక్కు వెనక ఎర్ర లైటు లేదు, రిఫ్లెక్టరు స్టిక్కరైనా లేదు. బండి ఆగేసరికి మా బంపరుకీ గడ్డికీ మధ్య రెండు బారల దూరం కూడా లేదు.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మీ నాన్న నడిపినప్పుడూ ఈ లైట్లు ఇంతేనే. ఆయనకి ఈ రోడ్లన్నీ కంఠతా వచ్చు కాబట్టి గడిచింది."

ట్రాక్టరు అతని మీద కోపం ఆ రాత్రే పోయింది గానీ అమ్మ మాట పోలేదు. నాన్నగారు డాక్టరు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికి ఏ వేళప్పుడు ఏం వచ్చినా ఈ కారులోనే వెళ్ళేవారు. ఆ రోజుల్లో రాత్రిపూట రోడ్డు మీద ఎదురయ్యేవి ఎక్కువగా ఎడ్లబండ్లు. ఇరుసు కింద వేలాడదీసిన లాంతరు దూరం నుంచే ఊగుతూ కనిపించేది. ఇప్పుడు ఎదురొచ్చేవి తెల్లగా మండే ఎల్‌ఈడీలు. వాటి ముందు మా కారు లైట్లు ఆముదం దీపాలు.

కారు 1971 మోడల్ అంబాసిడర్, మార్క్ 2. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చులో 1957 నుంచి 2014 దాకా పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పారాలో తయారైన వంశం ఇది. గేరు స్టీరింగ్ రాడ్డుకే ఉంటుంది. డిప్పరు మాత్రం చేతికి అందేది కాదు, క్లచ్చి పక్కన నేల మీద ఉండే గుండ్రటి బొడిపె. ఎడమ కాలితో నొక్కితే బ్రైటు, మళ్ళీ నొక్కితే డిమ్ము. ముందు రెండు 7 అంగుళాల గుండ్రటి హెడ్‌లైట్లు, లోపల 45/40 వాట్ల (బ్రైటుకి 45, డిమ్ముకి 40) పాత రకం బల్బులు. గ్లాసుల పై సగంలో నల్లరంగు మరకలు ఇంకా ఉన్నాయి. ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టకుండా హెడ్‌లైటుకి పైన నల్లరంగు పూయాలని ఒకప్పుడు పట్టుబట్టేవాళ్ళు. ఆ రంగు నాన్నగారు స్వయంగా కుంచెతో వేసుకున్నారు.

మర్నాడు సాయంత్రం చీకటి పడ్డాక కారుని ప్రహరీగోడకి ఎదురుగా పెట్టి లైట్లు వేశాను. గోడ మీద పసుప్పచ్చని అలుకు లాంటి కాంతి. అంచు అంటూ ఏమీ లేదు. కుడిదాని కంటే ఎడమది ఇంకా నీరసంగా ఉంది. లైట్లు పాతబడిపోయాయి, మార్చేస్తే సరి అనుకున్నాను. నేను చేసిన తప్పు అక్కడే మొదలైంది.

7 అంగుళాల గుండ్రటి లైటు మన దేశంలో చాలా బండ్లకి ఒకటే కొలత. ప్రీమియర్ పద్మిని, మారుతి జిప్సీ, మహీంద్రా జీపులు, రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, అన్నిటికీ అదే. అందుకే ఆ కొలతలో ఎల్‌ఈడీ డూములు, అంటే గ్లాసుతో సహా మొత్తం లైట్లు, కుప్పలుగా దొరుకుతాయి. చుట్టూ తెల్లటి రింగు వెలిగే జతొకటి ఆన్‌లైన్లో తెప్పించాను. పెట్టించడం గంట పని. వెలిగించగానే ప్రహరీగోడ మధ్యాహ్నంలా అయింది. అన్నయ్య కొడుకు ఫొటోలు తీసి బంధువులందరికీ పంపాడు.

వారం తిరక్కుండానే సంతోషం పోయింది. కంకిపాడు దాకా వెళ్ళి వచ్చిన మొదటి రాత్రే, నేను డిమ్ములో ఉన్నా, ఎదురొచ్చిన ప్రతి బస్సూ లైట్లు కొట్టింది. ఒక మోటారు సైకిలు అతను పూర్తిగా మార్జిన్లోకి దిగి ఆగిపోయాడు. మరోసారి గోడ దగ్గరికి పోయి జాగ్రత్తగా చూస్తే విషయం అర్థమైంది. డిమ్ము కాంతికి పై అంచు ఒకవైపు అడ్డంగా చదునుగా ఉంటుంది, రెండోవైపు ఏటవాలుగా పైకి లేస్తుంది. ఎడమవైపు నడిచే మన రోడ్ల మీద ఆ లేచే భాగం ఎడమ మార్జిన్ మీద, అంటే నడిచేవాళ్ళ మీద, మైలురాళ్ళ మీద పడాలి. నేను కొన్నది కుడివైపు నడిచే దేశాల కోసం చేసిన లైటు. లేచే కాంతంతా సరిగ్గా ఎదురొచ్చేవాళ్ళ ముఖాన కొడుతోంది. స్క్రూలు తిప్పి ఎంత కిందికి దించినా ఆ వంకర పోదు, రోడ్డు మాత్రం దగ్గరయిపోతుంది.

రూపు సంగతీ చెప్పాలి. అంబాసిడర్ ముఖానికి అందం ఆ ఉబ్బెత్తు గ్లాసు, దాని మీది నిలువు గీతలు. చదునైన ప్లాస్టిక్ ముఖంతో ఎల్‌ఈడీ పెట్టాక కారుని చూసి అమ్మ, "ఎవరి కారే ఇది?" అంది. ఆ జత తీయించేశాను.

చట్టం గురించి అప్పుడే చదివాను. కొనకముందే చదవాల్సింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. 2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల కింద 50 ఏళ్ళు దాటిన కారుని 'వీఏ' అక్షరాలున్న నంబరుతో విడిగా రిజిస్టరు చేయించుకోవచ్చు, కానీ ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారి ఉండకూడదు. పైగా ఆ కారుని రోజువారీ పనులకి తిప్పకూడదు. అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన కారుని నేను ఆ లెక్కలోకి మార్చలేదు. అయినా రేపు ఎవరైనా మార్చాలనుకుంటే అడ్డు రాకూడదు కదా. అందుకే ఒక నియమం పెట్టుకున్నాను: అదే కొలత, అదే చోటు, అదే ముఖం. రేకు కొయ్యకూడదు, పాత వైరింగు తెంపకూడదు, ఏ రోజైనా గంటలో వెనక్కి మార్చగలగాలి.

అప్పుడు విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. పాత కార్ల కరెంటు పని చేసే పెద్దాయన ఒకరున్నారని నాన్నగారి స్నేహితుడు చెప్పారు. చిన్న షెడ్డు, బయట రెండు పద్మినిలు, ఒక జీపు. వెళ్ళి, "బాబాయిగారూ, దీనికి మంచి లైట్లు పెట్టాలండీ" అన్నాను. ఆయన లైట్ల వైపు చూడనేలేదు.

"లైటు దాకా ఎంత వస్తుందో చూశారా అమ్మా?"

చూడలేదు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఓమ్ సూత్రం ఏటా పిల్లల చేత వల్లె వేయిస్తాను. నా కారు దగ్గరికి వచ్చేసరికి మీటరు పెట్టాలన్న ఆలోచనే రాలేదు.

పాత లైట్లు మళ్ళీ బిగించి, ఇంజను ఆపి, డిమ్ము వేసి కొలిచాం. బ్యాటరీ దగ్గర 12.0 వోల్టులు. ఎడమ బల్బు హోల్డరు దగ్గర 9.8. మిగతా 2.2 దారిలో ఎక్కడో పోయింది. ఎక్కడ పోయిందో కూడా ఆయన పట్టి చూపించారు. మీటరు ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది బల్బు ప్లస్ మీద పెడితే 1.5. బ్యాటరీ మైనస్ నుంచి బల్బు ఎర్తుకి, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైపుకి, పెడితే 0.7. లైటు వెలుగుతుండగానే ఇలా కొలవాలి. బల్బు ఊడదీసి కొలిస్తే కరెంటు పారదు కాబట్టి హోల్డరు దగ్గర కూడా 12 కనిపించి మోసపోతాం.

ఫిలమెంటు బల్బు కాంతి వోల్టేజీతో సమంగా తగ్గదు. దాదాపు 3.4వ ఘాతంలో తగ్గుతుంది. వోల్టేజీ పదిశాతం పడిపోతే కాంతి ముప్ఫై శాతం పోతుంది. 12 ఉండాల్సిన చోట 9.8 ఉంటే మిగిలేది సగం. మా కారు ఇన్నేళ్ళూ సగం దీపంతో తిరిగింది, బల్బుల్లో ఏ లోపమూ లేకుండానే. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు డ్యాష్‌బోర్డు స్విచ్చికి పోయి, అక్కణ్ణుంచి కాలి కింద డిప్పరుకి దిగి, మళ్ళీ ముందుకొచ్చి లైట్లకి చేరుతుంది. రెండు లైట్లకీ కలిపి ఆరేడు ఆంపియర్లు, యాభై ఏళ్ళ బురదా చెమ్మా తిన్న ఆ బొడిపెలోంచి పోవాలి. డిప్పరు విప్పితే లోపలి రాగి పలకలు ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

ఎన్నుకున్న లైటు: 7 అంగుళాల గాజు డూము, ఉబ్బెత్తు గ్లాసు, హెచ్4 హాలోజెన్ బల్బు (బ్రైటు, డిమ్ము రెండూ ఒకే బల్బులో ఉండే రకం) పట్టేది. కొట్లో నాలుగు రకాలు చూపించారు. గ్లాసు మీద అచ్చువేసిన గుర్తులు చదవడం అప్పటికి నేర్చుకున్నాను. లైటుకి ఎదురుగా నిలబడి చూసినప్పుడు కుడివైపు చూపించే బాణం ఉంటే అది ఎడమవైపు నడిచే దేశాలది. రెండు వైపులా బాణం ఉంటే రెంటికీ మార్చుకోవచ్చు. బాణమే లేకపోతే కుడివైపు నడిచే దేశాలది. మీరు పాత కారుకి లైటు కొంటుంటే ధర కంటే ముందు ఆ బాణం చూడండి. నా ఎల్‌ఈడీ జత మీద ఏ గుర్తూ లేదు, నేను వెతకనూ లేదు.

బల్బు దగ్గర కొట్టు కుర్రాడు, "100/90 వెయ్యండి మేడమ్, అందరూ అదే వేస్తున్నారు" అన్నాడు. బాబాయిగారు తల అడ్డంగా ఊపి కాగితం మీద లెక్క వేశారు. ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించడానికి మా కారుకి ఇప్పటి ఆల్టర్నేటరు లేదు, పాతకాలపు డైనమో. అది ఇవ్వగలిగింది 22 ఆంపియర్లు, అదీ ఇంజను పరుగు మీద ఉన్నప్పుడు. 60 వాట్ల బ్రైటు రెండు లైట్లకీ 10 ఆంపియర్లు. వెనక లైట్లు, నంబరు ప్లేటు లైటు కలిపి 2. ఇగ్నిషన్ కాయిలు సుమారు మూడున్నర. వాన పడితే వైపరు రెండున్నర. మొత్తం 18, డైనమో మోయగలదు. 100 వాట్లయితే లైట్లకే దాదాపు 17, మొత్తం 24 దాటుతుంది. అంటే రాత్రంతా బ్యాటరీని తింటూ పోవడమే. పైగా ఆ వేడికి రిఫ్లెక్టరు పూత మాడుతుంది, హోల్డరు కరుగుతుంది. 60/55 తీసుకున్నాం.

పని రెండు రోజులు పట్టింది. లైట్లు పెట్టడం అందులో చిన్న భాగం. క్రోము రిమ్ము అడుగున ఉన్న స్క్రూ తుప్పుతో కరుచుకుపోయింది. ఒకవైపు కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేస్తే వచ్చింది, రెండోవైపు తల ఊడిపోయింది, డ్రిల్లు పెట్టాల్సొచ్చింది. రిమ్ము తీస్తే లోపలి గిన్నెలో బురద, ఎండుటాకులు, కందిరీగ కట్టిన మట్టిగూడు. చక్రం విసిరే మట్టంతా నేరుగా గిన్నె వెనక్కే కొడుతుంది. ఎడమ గిన్నె అడుగున వేలు దూరేంత బెజ్జం. దాన్ని టింకరింగ్ షెడ్డుకి పంపి అతుకు వేయించి, రెడాక్సైడు కొట్టించి, పైన నల్లరంగు వేయించాం. వైరు దూరే చోట రబ్బరు రాయిలా గట్టిపడిపోతే కొత్తది వేశాం. అది లేకపోతే రేకు అంచు వైరుని కోసేస్తుంది.

వైరింగులో బాబాయిగారి పనితనం చూస్తూ నిలబడ్డాను. బ్యాటరీ కరెంటుని స్టార్టరు సాలినాయిడు (స్టార్టరుకి కరెంటు వదిలే స్విచ్చి) దగ్గర్నుంచి మందపాటి వైరుతో తీసుకుని, మొదట్లోనే ఒక ఫ్యూజు పెట్టి, బానెట్ కింద రెండు రిలేలకి ఇచ్చారు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్చి. ఒకటి డిమ్ముకి, ఒకటి బ్రైటుకి. రిలే కాళ్ళ మీద నంబర్లుంటాయి: 30కి బ్యాటరీ, 87 నుంచి లైటు, 86కి డిప్పరు నుంచి వచ్చే పాత వైరు, 85 ఎర్తుకి. ఇప్పుడు కాలి కింద బొడిపెలోంచి పోయేది రిలేని లేపడానికి సరిపడేంతే, ఆంపియరులో ఆరో వంతో ఏడో వంతో. లైట్ల బరువంతా కొత్త వైరు మోస్తుంది. పాత వైరు ఒక్కటీ తెంపలేదు. దాని కొసని హోల్డరు నుంచి ఊడదీసి రిలేకి తగిలించారంతే.

ఫ్యూజుల గురించి నేనే పట్టుబట్టాను. ఎడమ డిమ్ము, కుడి డిమ్ము, ఎడమ బ్రైటు, కుడి బ్రైటు, నాలుగూ విడివిడిగా, ఒక్కొక్కటి 10 ఆంపియర్లు. రెండు లైట్లకీ ఒకే ఫ్యూజు ఉండి అది రాత్రి పోతే ఆ క్షణంలో రోడ్డంతా చీకటే. దానికి ఇంకో పూట పట్టినా ఆయన కాదనలేదు. ఎర్తు వైర్లు రెండు లైట్ల నుంచీ రంగు గీకిన రేకు మీదికి వేసి, అక్కణ్ణుంచి బ్యాటరీ దాకా ఇంకో వైరు లాగారు. హోల్డర్లు పింగాణీవి. హెచ్4 బల్బుని గాజు దగ్గర చేత్తో పట్టుకోనివ్వలేదు. చేతి జిడ్డు అంటుకున్న చోట గాజు వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పొడి గుడ్డతో పట్టుకుని బిగించాను.

లైటు వెయ్యగానే బానెట్ కింద 'టిక్' మని రిలే చప్పుడు. బల్బు దగ్గర మీటరు 11.7. మొదట బ్యాటరీ దగ్గరే 12.0 అని గుర్తు చేసుకుంటే, దారిలో పోయేది 0.3 మాత్రమే.

ఇక గురి. ఇది ఇంటి దగ్గరే చేశాం, మా వీధి చివర బడి ప్రహరీగోడ దగ్గర, పొద్దుపోయాక. టైర్లలో గాలి సరిచూసి, కారుని గోడకి 25 అడుగుల దూరంలో చదునైన చోట పెట్టాం. డ్రైవరు సీట్లో నా బరువుకి దగ్గరగా ఉంటాడని అన్నయ్య కొడుకుని కూర్చోబెట్టాను. లైటు నడిమి భాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద అదే ఎత్తులో సుద్దగీత గీశాను. దానికి మూడంగుళాలు కింద ఇంకో గీత. డిమ్ము పై అంచు ఈ కింది గీత మీద కూర్చోవాలి. నూరు అడుగులకి ఒక అడుగు వాలు అన్నమాట. పైనున్న స్క్రూ కాంతిని ఎత్తుతుంది, దించుతుంది. పక్క స్క్రూ కుడి ఎడమలకి జరుపుతుంది. ఒక లైటుని గుడ్డతో కప్పి రెండోది సరిచేయాలి, లేకపోతే ఏ కాంతి ఎవరిదో తెలియదు.

గోడ మీద అంచు కనపడగానే నాకు చాలా ఆనందం వేసింది. కుడివైపు గీత గీసినట్టు చదును. నడిమి నుంచి ఎడమకి ఏటవాలుగా ఎక్కుతోంది. ఆ ఎక్కే చోట గోడ మీద పిల్లలు బొగ్గుతో గీసిన పావురం స్పష్టంగా కనిపించింది.

ఒకటి మిగిలింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చెప్పే కొలత నాకు బాగా నచ్చింది. లైటుకి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచు నుంచి అర మీటరు కుడికి, నేల నుంచి మీటరున్నర ఎత్తున ఒక మనిషి కన్ను ఉంటే ఆ కన్ను జిగేలుమనకూడదు. నా కళ్ళు సరిగ్గా ఆ ఎత్తులో ఉంటాయి. టేపుతో కొలిచి ఆ చోటులో నిలబడ్డాను. "డిమ్ము వెయ్యరా" అన్నాను. రెండు దీపాలు వెలుగుతున్నాయని తెలిసింది, కానీ కారు నంబరు ప్లేటు చదవగలిగాను, లోపల వాడి ముఖం గుర్తుపట్టగలిగాను. "ఇప్పుడు బ్రైటు." చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సొచ్చింది. కంకిపాడు దారిలో మార్జిన్లోకి దిగి ఆగిపోయిన మోటారు సైకిలు అతను గుర్తొచ్చాడు. ఆ రాత్రి అతనికి నేను చేసింది ఇదే.

తర్వాత రెండు చిన్న ఇబ్బందులొచ్చాయి. వారానికి ఎడమ లైటు మినుకుమినుకుమంది. ఎర్తు వైరు కొసన ఉండే లగ్గు కింద కొత్త రంగు చేరింది, గీకి బిగిస్తే పోయింది. రెండోది డైనమో స్వభావం: రైలు గేటు దగ్గర ఇంజను నెమ్మదిగా తిరుగుతూ ఆగి ఉన్నప్పుడు ఛార్జింగు ఉండదు, ఎర్ర బల్బు వెలుగుతుంది, లైట్లు కాస్త కుంగుతాయి. గేటు పడితే హెడ్‌లైట్లు ఆపి పార్కింగ్ లైట్ల మీద ఉంటున్నాను. ఆల్టర్నేటరు పెట్టుకోమని చాలామంది చెప్పారు. నేను పెట్టుకున్న నియమం ప్రకారం ప్రస్తుతానికి వద్దనుకున్నాను. డూములు, బల్బులు, రిలేలు, వైరు, టింకరింగు, కూలీ మొత్తం ఐదువేల లోపే అయింది. తీసేసిన ఎల్‌ఈడీ జతకి పెట్టిన డబ్బు వేరు.

వైరింగు మాత్రమే చేయించి పాత బల్బులు ఉంచుకున్నా చాలా వరకు సరిపోయేదని ఇప్పుడు నాకు తెలుసు. మీ దగ్గర పాత పద్మినో అంబాసిడరో ఉండి లైట్లు గుడ్డిగా ఉంటే, ముందు చవకపాటి మీటరు ఒకటి తీసుకుని బల్బు దగ్గర వోల్టేజీ కొలవండి. ఎర్తు వైపు కూడా కొలవడం మర్చిపోకండి.

మొన్న మాఘమాసంలో అమ్మని తీసుకుని అదే పామర్రు రోడ్డు మీద రాత్రి వచ్చాను. రోడ్డు వారగా ఆరబోసిన వడ్ల రాశి, దాని చుట్టూ పెట్టిన రాళ్ళు చాలా దూరం నుంచే కనిపించాయి. రాశి పక్కన దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషి కూడా. ఎదురుగా బస్సు వస్తుంటే ఎడమ కాలితో బొడిపె నొక్కాను. 'టిక్' మంది. బస్సు కూడా డిమ్ము చేసి, మమ్మల్ని దాటాక మళ్ళీ బ్రైటు వేసుకుంది. అమ్మ అప్పటికే నిద్రపోయింది.

నల్లరంగు పూసిన నాన్నగారి గ్లాసులు రెండూ ఆయన పంచె ముక్కలో చుట్టి డిక్కీలో, స్టెప్నీ పక్కన పెట్టాను.